ఆఫర్ వచ్చింది సరే, మేనేజర్ ఎలాంటివాడు?

అమెరికాలో ఉద్యోగం మారేటప్పుడు మనవాళ్ళు జీతం, ఊరు, ఇన్సూరెన్స్, హెచ్-1బి బదిలీ అన్నీ ఆరా తీస్తారు. ఎవరి కింద పనిచేయబోతున్నారో ఆ మనిషి విషయంలో మాత్రం ఇంటర్వ్యూలో చూసినదానితో సరిపెట్టుకుంటారు. అక్కడ పరీక్ష మీకు. ఆయనకి మీరు పెట్టే పరీక్ష ఆఫర్ వచ్చాక, సంతకం పెట్టేలోపు. వాళ్ళకి మీ అవసరం గట్టిగా ఉండేది ఆ నాలుగైదు రోజులే.

రిక్రూటర్‌కి మెయిల్ పెట్టండి: నిర్ణయం చెప్పేముందు రిపోర్టింగ్ మేనేజర్‌తో అరగంట, మేనేజర్ లేకుండా టీమ్‌లో ఒకరితో ఇంకో అరగంట మాట్లాడాలని. ఇక్కడ ఇది మామూలు కోరికే. "రిపోర్టింగ్ మేనేజర్" అనే రాయండి, ఇంటర్వ్యూ చేసినాయన ఒకరు, చేరాక పైన ఉండేది మరొకరు కావచ్చు. కన్సల్టెన్సీ ద్వారా వెళ్తుంటే క్లయింటు దగ్గర పని చెప్పేది ఒకరు, కాగితాల మీద మేనేజర్ మరొకరు. ఇద్దరి పేర్లూ కనుక్కోండి.

మాట్లాడేటప్పుడు అభిప్రాయాలు అడక్కండి. "మీ పద్ధతి ఎలా ఉంటుంది?" అంటే టీమ్‌కి పూర్తి స్వేచ్ఛ ఇస్తామనే అందరూ చెప్తారు. జరిగినవి అడగండి. ఈ పోస్టు ఎందుకు ఖాళీ అయింది, ముందున్న మనిషి ఇప్పుడెక్కడ? మీ టీమ్‌లో చివరి ప్రమోషన్ ఎవరికొచ్చింది, దానికి మీరేం చేశారు? ఈమధ్య గడువు తప్పిన పని ఏది, ఎందుకు తప్పింది? ఈ చివరిదాని జవాబు జాగ్రత్తగా వినండి. "నా అంచనా తప్పింది" లాంటి మాట ఒక్కటైనా వచ్చిందా, లేక తప్పంతా టీమ్‌దీ, పక్క టీమ్‌దీనా? రేపు ఆ టీమ్‌లో మీరూ ఉంటారు. మొదటి 90 రోజుల్లో నేనేం పూర్తి చేయాలి అని కూడా అడగండి. రెండు మూడు పనులైనా తేల్చి చెప్పలేని మనిషి రివ్యూలో మిమ్మల్ని దేన్ని బట్టి కొలుస్తాడు?

కొత్తగా వచ్చినవాళ్ళు పొరబడేది ఇంకోచోట. ఇక్కడివాళ్ళ నవ్వు, "గ్రేట్ క్వశ్చన్" అనడం మర్యాద, దాన్ని మంచితనం ఖాతాలో వేయకండి. మేనేజర్ తెలుగాయనైతే "మనవాడే కదా" అని ప్రశ్నలు తగ్గించకండి. ఆ చనువుతోనే శనివారం ఫోన్లు రావచ్చు, కాదనడానికి మీకు మొహమాటం.

లింక్డిన్‌లో ఆ టీమ్‌లో పనిచేసి వెళ్ళిపోయినవాళ్ళని వెతకండి. ఒకరు ఏడాదిలోపు వెళ్ళడం పెద్ద విషయం కాదు. ముగ్గురు నలుగురు వరసగా అలాగే వెళ్తే అనుమానించాల్సిందే, కాకపోతే ఆ నెలల్లో కంపెనీలో లేఆఫ్‌లు జరిగాయేమో ముందు చూడండి, ఊరికే ఆయన్ని ఆడిపోసుకోవద్దు. చెడు మాట ఎవరూ రాతలో పెట్టరు కాబట్టి పది నిమిషాల ఫోన్ అడిగి, ఒకటే అడగండి: "మళ్ళీ ఆయన కింద పనిచేస్తారా?" వెంటనే అవునంటే మంచిదే. నసిగి, "మనిషి మంచివాడే గానీ..." అని ఆగితే మీకు జవాబు దొరికినట్టే.

వీసా మీద ఉన్నవాళ్ళకి ఇది ఇంకా బరువైన విషయం. హెచ్-1బి మీద ఉద్యోగం పోతే ఇంకోటి వెతుక్కోవడానికి గరిష్ఠంగా 60 రోజులు, ఐ-94 (ఇక్కడ ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) ముందే ముగిస్తే అంతకన్నా తక్కువ. కంపెనీ మారితే పెర్మ్ (గ్రీన్‌కార్డుకి మొదటి మెట్టు, కార్మికశాఖ అనుమతి) మళ్ళీ మొదటినుంచి, పాత ఐ-140 (ఆ తర్వాత కంపెనీ మీ కోసం వేసే పిటిషన్) ఆమోదమై ఉంటే ప్రయారిటీ డేట్ (గ్రీన్‌కార్డు వరసలో మీ చోటు చెప్పే తేదీ) మాత్రం సాధారణంగా మీ వెంట వస్తుంది. గ్రీన్‌కార్డు పాలసీ కంపెనీదే అయినా, చాలాచోట్ల మొదలుపెట్టమని అడగాల్సింది, మీ ఉద్యోగ వివరాలు ఖాయం చేయాల్సింది మేనేజరే. "గ్రీన్‌కార్డు చేస్తారా?" అంటే తలూపడం తేలిక. "మీ టీమ్‌లో చివరిగా ఎవరికి మొదలుపెట్టారు, చేరిన ఎన్ని నెలలకి?" అనండి. గత 6 నెలల్లో లేఆఫ్‌లు ఉన్నాయా అన్నదీ కనుక్కోండి. అదే ప్రాంతంలో అదే తరహా పనిలో ఉన్న అమెరికన్లని తీసేసి ఉంటే, పెర్మ్ వేసేముందు వాళ్ళకి కబురు పెట్టి పరిశీలించాలి. ఆ తలనొప్పి ఎందుకని కంపెనీలు పెర్మ్‌ని పక్కన పెట్టేస్తుంటాయి. మీ హెచ్-1బి ఆరేళ్ళ గడువులో ఎంత మిగిలిందో చూసుకుని ఆ ఆలస్యాన్ని లెక్కేయండి. చెప్పిన మాటని హెచ్‌ఆర్‌తో మెయిల్‌లో ఖాయం చేయించుకోండి.

మేనేజర్ చేరి మూడు నెలలు కూడా కాలేదంటే ఆయన పైవారితోనూ మాట్లాడండి, మిమ్మల్ని ఎంచుకున్నది నిజానికి వాళ్ళే కావచ్చు. ఇక రాజీనామా మాత్రం ఆఫర్ కాగితం చేతికొచ్చి, బ్యాక్‌గ్రౌండ్ చెక్ ముగిసి, హెచ్-1బి బదిలీ రసీదు వచ్చేదాకా ఇవ్వకండి. జంకు ఉన్నవాళ్ళు ప్రీమియం ప్రాసెసింగ్ (అదనపు ఫీజు కట్టి త్వరగా తేల్చుకోవడం) వేయమని అడిగి ఆమోదం వచ్చేదాకా ఆగుతారు, దానికి 15 పనిదినాల్లోపు ఏదో ఒక స్పందన వస్తుంది.