స్టామ్‌ఫర్డ్‌లో ఇళ్లు ఎందుకంత ఖరీదు? కొనేముందు ఏం చూడాలి?

ఇంగ్లండ్‌లోని లింకన్‌షైర్ దక్షిణ కొసన ఉన్న సంత పట్టణం స్టామ్‌ఫర్డ్. పక్కనున్న పీటర్‌బరో కన్నా ఇక్కడ ఇంటి ధరలు ఎక్కువ. 19వ శతాబ్దంలో లండన్ నుంచి ఉత్తరానికి వేసిన ప్రధాన రైలు మార్గం పీటర్‌బరో మీదుగా పోయింది. ఫ్యాక్టరీలు అక్కడికే చేరాయి, స్టామ్‌ఫర్డ్ రాతి వీధులు చెక్కు చెదరకుండా మిగిలాయి. 1967లో దేశంలోనే మొదటి సంరక్షణ ప్రాంతంగా, అంటే పాత రూపాన్ని కాపాడాల్సిన ప్రాంతంగా, దీన్ని ప్రకటించారు. పాత వీధుల్లో కొత్త ఇళ్లకు చోటు లేదు, పీటర్‌బరోలో రైలు మారితే లండన్ చేరొచ్చు కాబట్టి అడిగేవాళ్లకు కొదవ లేదు. శుక్రవారం సంత ఇప్పటికీ జరుగుతుంది.

ధర కన్నా ముందు ఇల్లు లిస్టెడ్ భవనమా (అనుమతి లేకుండా మార్చకూడదని చట్టం కాపాడే కట్టడమా) కాదా చూడండి. పాత యజమాని అనుమతి లేకుండా ప్లాస్టిక్ కిటికీలు పెట్టించి ఉంటే, సరిచేయమనే నోటీసు మీకే వస్తుంది. దానికి కాలపరిమితి కూడా లేదు. అందుకే అనుమతి పత్రాలు లాయరు చేత అడిగించండి, లెవెల్ 3 సర్వే (నిపుణుడు ఇంటి కట్టడాన్ని వివరంగా పరీక్షించే తనిఖీ) చేయించండి.

గోడ దగ్గరికి వెళ్లి రాళ్ల సందులు చూడండి. సున్నం ఉండాల్సిన చోట గట్టి బూడిదరంగు సిమెంటు కనిపిస్తే జాగ్రత్త: తేమ బయటికి పోలేక సున్నపురాయి పొరలుపొరలుగా రాలుతుంది. ఇంటి పైకప్పు కాలీవెస్టన్ పలకలది (స్థానిక రాతి పలకలది) అయితే బడ్జెట్ పెంచుకోండి. మంచుకు పగిలే సున్నపురాతి నుంచి తీసే ఆ పలకల్లో పెద్దవి చూరు దగ్గర, చిన్నవి పైన పేర్చాలి. ఆ పని తెలిసిన మేస్త్రీలు కొద్దిమందే.