సెక్స్టంట్ అనే కోణాలు కొలిచే పరికరంతో నక్షత్రం ఎత్తు (క్షితిజం నుంచి కోణం) కొలిస్తే ఓడ ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?

ఒక్క నక్షత్రంతో తెలియదు. దాంతో వచ్చేది ఒక గీత, ఓడ ఆ గీత మీద ఎక్కడో ఉంటుంది. రెండో నక్షత్రం గీత దాన్ని ఎక్కడ కోస్తే అదే మన చోటు. మూడోది కూడా కొలిస్తే తప్పు ఉంటే బయటపడుతుంది.

గీత కోసం ముందు మనం ఫలానా చోట ఉన్నామని అనుకుంటాం. ఆ క్షణానికి నక్షత్రం స్థానం నాటికల్ ఆల్మనాక్ అనే పట్టికల పుస్తకంలో దొరుకుతుంది. దాన్నిబట్టి, అనుకున్న చోటి నుంచి అది ఏ దిక్కున, ఎంత ఎత్తులో కనిపించాలో లెక్కకడతాం. లెక్కలో 41 డిగ్రీల 15 నిమిషాలు (ఇక్కడ నిమిషం అంటే డిగ్రీలో 60వ వంతు) వచ్చి, కొలిచింది 41 డిగ్రీల 22 నిమిషాలు అనుకుందాం. తేడా 7 నిమిషాలు, అంటే 7 నాటికల్ మైళ్లు. కొలిచింది ఎక్కువ కాబట్టి నక్షత్రం వైపు 7 మైళ్లు జరిగి, ఆ దిక్కుకు అడ్డంగా గీత గీయాలి. తక్కువైతే వెనక్కి జరగాలి.

అయితే సెక్స్టంట్ చూపిన కోణాన్ని ఉన్నదున్నట్టు వాడకూడదు. పరికరం లోపం, గాలిలో కాంతి వంగడం, కంటి ఎత్తు, ఈ మూడూ సరిచేయాలి. నీటికి 3 మీటర్ల పైన నిలబడి చూసినా 3 నిమిషాలు తీసేయాల్సిందే.

కొత్తవాళ్లు దెబ్బతినేది మాత్రం ఎక్కువగా టైం దగ్గరే. గడియారం 4 సెకన్లు తప్పితే రేఖాంశం 1 నిమిషం తప్పుతుంది. భూమధ్యరేఖ దగ్గర అది ఒక మైలు.