గరీఫునాలు నల్లవాళ్ళా, ఆదివాసులా? ఈ ప్రశ్న మొదట ఎవరడిగారంటే

మీరు అడిగినవి రెండు. ఆఫ్రికా మూలాలున్న గరీఫునాలు మధ్య అమెరికాలో ఆదివాసులు ఎలా అవుతారన్నది ఒకటి. గరీఫునాలు "మేం రెండూ" అనడం మన దగ్గర లాభం కోసం ఎస్టీ జాబితాలో చేరడానికి జరిగే గొడవ లాంటిదేనా అన్నది రెండోది.

నేను 2018 నుంచి 2020 చివరిదాకా మధ్య అమెరికా దేశమైన బెలీజ్‌లో మెడిసిన్ చదివాను. మాది సామర్లకోట. "అమెరికా పక్కనేనమ్మా" అని చెప్పి కన్సల్టెన్సీవాళ్ళు పంపించారు. పక్కనే, అబద్ధం కాదు. మధ్యలో మెక్సికో ఒక్కటే అడ్డం. బెలీజ్ సిటీలో నేను అద్దెకున్న ఇంటావిడ గరీఫునా. రిటైరైన టీచరు, సొంతూరు డాంగ్రిగా. అక్కడ పెద్దావిడల్ని పేరుకు ముందు 'మిస్' చేర్చి పిలుస్తారు. నేను వారం తిరక్కుండా 'ఆంటీ'లోకి దిగిపోయాను, ఆవిడా ఏమీ అనలేదు. వెళ్ళిన కొత్తలో ఇదే ప్రశ్న ఆవిణ్ణి అడిగేశాను. చూడ్డానికి ఆఫ్రికన్లలా ఉంటారు, మరి ఇక్కడి ఆదివాసులమంటారేంటి అని. కోప్పడలేదు గానీ, "మమ్మల్ని ఈ మాట అడిగి పడవెక్కించారు, తెలుసా?" అంది.

ఆ పడవ కథ తెలియకుండా మీకు జవాబు చెప్పలేను.

కరీబియన్‌లో సెయింట్ విన్సెంట్ అని ఒక దీవి ఉంది. గరీఫునాలు దాన్ని యురుమెయిన్ అంటారు. అక్కడి మూలవాసులు కాలినాగోలు, యూరోపువాళ్ళు పెట్టిన పేరు కారిబ్‌లు. 17వ శతాబ్దంలో ఆ చుట్టుపక్కల పగిలిన బానిస ఓడల నుంచి బయటపడ్డవాళ్ళు, బార్బడోస్ లాంటి దీవుల చెరకుతోటల నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు వీళ్ళలో కలిశారు. ఆ ఇళ్ళలోనే పెళ్ళిళ్ళు చేసుకున్నారు, ఆ భాషే మాట్లాడారు. రెండు మూడు తరాలకి వాళ్ళే ఆ దీవి మనుషులయ్యారు. 1763లో పారిస్ ఒప్పందంతో దీవి బ్రిటిష్‌వాళ్ళ చేతికొచ్చింది. చెరకుకి పనికొచ్చే మంచి నేలంతా వీళ్ళ దగ్గర ఉంది. అప్పుడు మొదలైంది రంగు లెక్క. ఛాయ తక్కువున్నవాళ్ళు 'బ్లాక్ కారిబ్'లు, మిగిలినవాళ్ళు 'ఎల్లో కారిబ్'లు. పచ్చవాళ్ళే అసలు సొంతదారులు, నల్లవాళ్ళు మధ్యలో వచ్చి నేల లాక్కున్నవాళ్ళు, కాబట్టి వాళ్ళ దగ్గర్నుంచి మనం తీసుకుంటే తప్పు లేదు. ఇదీ వాదన. 1772-73లో ఒక యుద్ధం, ఆ తర్వాత ఒప్పందం. 1795లో మళ్ళీ యుద్ధం. ఆ ఏడాది మార్చి 14న వాళ్ళ నాయకుడు జోసెఫ్ చటోయే చనిపోయాడు. (2002లో సెయింట్ విన్సెంట్ ఆయన్ని తొలి జాతీయ వీరుడిగా ప్రకటించింది.) ఓడినవాళ్ళని, ఆడవాళ్ళూ పిల్లలతో సహా నాలుగు వేల మందికి పైగా, బాలిసో అనే బుల్లి దీవిలో పడేశారు. రోగాలొచ్చి దాదాపు సగంమంది అక్కడే పోయారు. మిగిలినవాళ్ళని ఒంటి రంగు చూసి వేరుచేశారు. తెల్లగా ఉన్న కొందరిని వెనక్కి పంపి, నల్లగా ఉన్నవాళ్ళని ఓడలెక్కించి, 1797 ఏప్రిల్ 12న హోండురస్ దగ్గర రోవటాన్ దీవిలో దింపేశారు. బతికి దిగినవాళ్ళు ఇంచుమించు రెండు వేలు. ఇవాళ హోండురస్, బెలీజ్, గ్వాటెమాలా, నికరాగ్వా తీరాల్లోనూ, న్యూయార్క్‌లోనూ ఉన్న గరీఫునాలంతా వాళ్ళ సంతతే.

అంటే మీ ప్రశ్న మొదట అడిగినవాళ్ళ కన్ను నేల మీద ఉంది. ఆంటీ చురుక్కుమనడంలో అర్థం నాకు అప్పుడు తెలిసింది.

ఇక భాష. గరీఫునా భాష ఆరవాకన్ కుటుంబానిది, దక్షిణ అమెరికా మూలవాసుల భాషలతో చుట్టరికం. ఆఫ్రికా భాష కాదు. మగవాళ్ళు 'నేను' అనడానికి 'అవు' అంటే ఆడవాళ్ళు 'నుగుయా' అంటారు. కొన్ని మాటలు ఇలా ఇద్దరికీ వేరువేరుగా ఉంటాయి. అంకెలు ఇంకా తమాషా. ఒకటి రెండు మూడు సొంత మాటలు: అబన్, బియామా, ఉరువా. నాలుగు నుంచి ఫ్రెంచి. ఫ్రెంచివాళ్ళతో బేరసారాలు సాగిన రోజుల గుర్తన్నమాట. మనం ఫోన్ నంబరు తెలుగులో చెప్పలేకపోవడం గుర్తొచ్చి నవ్వుకున్నాను.

నన్ను పూర్తిగా ఒప్పించింది మాత్రం కర్రపెండలం.

సామర్లకోట, పెద్దాపురం వైపు వాళ్ళకి కర్రపెండలం గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. సగ్గుబియ్యం మిల్లుల పులిసిన వాసన మధ్యే పెరిగాం. డాంగ్రిగాలో ఆంటీ అక్కగారింటి పెరట్లో ఆ దుంపల గుట్ట చూసి, ఇది మా ఊరి పంట అని ఎగిరి గంతేశాను. ఆ పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసి, "మీ ఊరికి ఎలా వచ్చింది?" అంది. నిజమే, అది పుట్టింది అమెరికా ఖండంలో. పాయసంలో వేసుకునే సగ్గుబియ్యానికి మూలం వీళ్ళలాంటివాళ్ళ తోటల్లోంచి కదిలిన దుంప అన్న సంగతి నాకు అప్పటిదాకా తట్టనే లేదు.

చేదు రకం కర్రపెండలంలో విషం ఉంటుంది. మెడిసిన్ స్టూడెంట్ని కాబట్టి సయనైడ్ అన్న మాట నాకు తెలుసు. దాన్ని వదిలించే పద్ధతి వాళ్ళకి తెలుసు. చిన్నచిన్న రాళ్ళు పొదిగిన చెక్కపలక మీద దుంపని తురుముతారు. ఆ తురుముని రుగుమా అనే పొడవాటి అల్లిక గొట్టంలో కూరతారు. పాము మింగినట్టు ఉబ్బుతుందది. పైకొస చెట్టుకి కట్టి, కింది కొసకి కర్ర దూర్చి దాని మీద మనిషి కూర్చుంటే గొట్టం సాగి సన్నబడి రసమంతా కారిపోతుంది. మిగిలిన పిండిని జల్లించి పెనం మీద పల్చగా పరిచి కాలిస్తే ఎరెబా, అప్పడంలా కరకరలాడే రొట్టె. నెలలపాటు నిలవుంటుంది. ఈ పనిముట్లూ ఈ పద్ధతీ అమెజాన్ ఆదివాసులవే. చేస్తున్న చేతులు ఆఫ్రికావి. తురిమేటప్పుడు ఆడవాళ్ళు పాడే పాటలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్ళు అందుకోవడం మన నాట్లపాటల్లాగే ఉంది. అక్కడ నిలబడి ఏది ఎవరిదో విడదీయండి చూద్దాం. నావల్ల కాలేదు.

నవంబర్ 19 బెలీజ్‌లో గరీఫునా సెటిల్‌మెంట్ డే. 1832లో హోండురస్ నుంచి పెద్ద గుంపు వచ్చిన రోజుగా జరుపుకుంటారు. 1941లో థామస్ విన్సెంట్ రామోస్ అనే ఆయన మొదలుపెట్టాడు, 1977 నుంచి దేశమంతా సెలవు. 2019లో ఆంటీతో వెళ్ళాను. అమెరికాలో పాతబడ్డ స్కూలు బస్సులే అక్కడ ఊళ్ళ మధ్య తిరుగుతాయి. అలాంటి బస్సులో హమ్మింగ్‌బర్డ్ హైవే మీద వెళ్తే డాంగ్రిగా. రాత్రంతా డప్పులే, నిద్ర లేదు. తెల్లవారుతుండగా సముద్రంలోంచి పడవలు నది మోయలోకొచ్చాయి. పడవల్లో కర్రపెండలం కట్టెలు, అరటి పిలకలు, కొబ్బరికాయలు, డప్పులు, ముసలివాళ్ళు. దీవి నుంచి గెంటేస్తే చేతికందిన విత్తనంతో వచ్చామని ప్రతి ఏటా చేసి చూపిస్తారు. ఒడ్డున ఉన్నవాళ్ళు ఏడుస్తూ పాడతారు. అక్కడి నుంచి ఊరేగింపుగా నేరుగా చర్చికి.

చర్చికి వెళ్ళేవాళ్ళే దుగూ కూడా చేస్తారు. చనిపోయిన పెద్దలకి అన్నంపెట్టే పూజ అనుకోండి. ఇంట్లో ఒకరికి మందులకి లొంగని జబ్బు చేస్తే, పెద్దలు ఆకలితో ఉన్నారని బుయెయి, అంటే ఆ పూజ చేయించే పెద్ద, చెబితే, న్యూయార్క్‌లో ఉన్న మనవళ్ళ దాకా అందరూ సెలవుపెట్టి రావాల్సిందే. నేను లోపలికి వెళ్ళలేదు, అడగనూలేదు. సంక్రాంతికి పెద్దలకి బట్టలు పెట్టుకునే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు వివరం అక్కర్లేకపోయింది.

ఇక మీ రెండో ప్రశ్న, లాభం సంగతి. లాభం లేదని నేనన్ను. హోండురస్‌లో గరీఫునాల మధ్యే ఈ వాదన ఉంది. 1970ల చివర్లో పుట్టిన ఓఫ్రానే అనే సంఘం ఆదివాసీ హక్కుల మాటని ముందుపెడుతుంది. మిరియం మిరాండా దాని నాయకురాలు. 1992లో వచ్చిన ఓడెకో ఆఫ్రికా సంతతి అన్న మాటని ముందుపెట్టింది. మొదటివాళ్ళది ప్రధానంగా నేల గొడవ, రెండోవాళ్ళు జాతివివక్షనీ రాజకీయాల్లో చోటునీ ఎక్కువ పట్టించుకున్నారు. ఏ మాటకి ఏ చట్టం పలుకుతుందో వాళ్ళకి బాగా తెలుసు. తెలిసి వాడుకోవడం తప్పని నాకు అనిపించలేదు. రంగు చూసి ఓడెక్కించినప్పుడు లేని తప్పు, కాగితం చూపించి నేల అడిగితే వస్తుందా?

ఆ నేల గొడవ గురించి కూడా చెప్పాలి. హోండురస్ 1995లో అంతర్జాతీయ కార్మిక సంస్థ 169వ ఒడంబడికకి ఒప్పుకుంది, ఆదివాసీ, గిరిజన ప్రజల నేల విషయంలో ముందు వాళ్ళనే సంప్రదించాలని చెప్పేది. గరీఫునా ఊళ్ళకి ఉమ్మడి పట్టాలూ ఉన్నాయి. అయినా తెలా మున్సిపాలిటీ 1989లో పట్టణ హద్దుని పెంచి ట్రియున్‌ఫో దె లా క్రూస్ అనే ఊరిని అందులో కలిపేసుకుంది, తర్వాత సముద్రం ఒడ్డు స్థలాలు చేతులు మారాయి. మా పాత తూర్పుగోదావరి జిల్లా ఏజెన్సీలో, భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదనే 1/70 చట్టం ఉన్నా భూములు ఎలా జారిపోయాయో విన్నవాళ్ళకి ఇది కొత్త కథేం కాదు. 2015 అక్టోబర్‌లో అమెరికా దేశాల మానవహక్కుల కోర్టు ఆ ఊరి కేసులోనూ, పుంతా పియేద్రా అనే మరో గరీఫునా ఊరి కేసులోనూ ఉమ్మడి ఆస్తి హక్కుని హోండురస్ ఉల్లంఘించిందని తీర్పిచ్చింది. తీర్పైతే వచ్చింది.

2020 జూలైలో కోవిడ్‌తో విమానాలు లేక నేను బెలీజ్‌లో ఇరుక్కుపోయి ఉన్నాను. 18వ తేదీన అదే ట్రియున్‌ఫో దె లా క్రూస్‌కి పోలీసు యూనిఫాంలు వేసుకున్న సాయుధులు వచ్చి ఐదుగురిని ఎత్తుకుపోయారు. నలుగురు గరీఫునాలు, వాళ్ళలో ఒకడు ఊరి పాలకమండలి అధ్యక్షుడు స్నైడర్ సెంతెనో. ఆంటీకి ఆ తీరంలో చుట్టాలున్నారు. వారం రోజులు ఫోను చేతిలోంచి దించలేదు. "బతికుండగా తీసుకెళ్ళారు, బతికుండగానే మాకు కావాలి" అని అక్కడి ఆడవాళ్ళు అరుస్తున్న వీడియోలు సౌండు తగ్గించి పదేపదే చూసేది. ఏళ్ళు గడిచినా వాళ్ళ ఆచూకీ తేలలేదు.

బెలీజ్‌లో అంత హింస నేను చూడలేదు. అక్కడి దిగులు వేరు. పిల్లలు ఇంగ్లీషు నుంచి పుట్టిన క్రియోల్ భాషలోనే మాట్లాడుకుంటారు. ఆంటీ మనవడికి గరీఫునాలో పలకరింపు వచ్చు, తిట్లు వచ్చు, మధ్యలో ఏమీ రాదు.

అన్నట్టు, ఆఫ్రికా మూలాలు, ఆదివాసీ గుర్తింపు ఒకేచోట ఉండటం మనకి అంత వింతేం కాదు. ఉత్తర కన్నడ అడవుల్లోని సిద్దీలు ఆఫ్రికా సంతతివాళ్ళే. కర్ణాటకలో 2003లో వాళ్ళని ఎస్టీల్లో చేర్చారు. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్ పక్కన ఏసీ గార్డ్స్ ఉంది కదా, ఆ పేరులో ఏసీ అంటే ఆఫ్రికన్ కావల్రీ, నిజాం కొలువులో ఉన్న సిద్దీల అశ్వదళం. ఈ సంగతి నాకు తెలిసింది బెలీజ్ నుంచి తిరిగొచ్చాకే, అదీ ఆటో డ్రైవరు చెబితే.

మీరు ఎప్పుడైనా వెళ్తే నవంబర్ 18 సాయంత్రానికే డాంగ్రిగా చేరండి, 19న బస్సుల్లో కాలుపెట్టే సందుండదు. హుదుత్ తినండి. పచ్చిదీ పండుదీ అరటికాయలు ఉడికించి, పొడవాటి చెక్క రోట్లో రోకలితో దంచి ముద్ద చేసి, కొబ్బరిపాలల్లో ఉడికిన చేపల పులుసుతో పెడతారు. నేను మొదటిరోజు మర్యాదకి చెంచా అడిగాను. అది మాత్రం ఆంటీ మా అమ్మతో వీడియో కాల్‌లో కూడా చెప్పి నవ్వింది.