జతకట్టినవి నిజంగా రెండు వేర్వేరు జాతులేనా?

నల్ల రెక్కల మీద పెద్ద తెల్ల మచ్చలున్న సీతాకోకచిలుక, నారింజ రంగు సీతాకోకచిలుకతో జతకట్టి కనిపించిందన్నారు. ఇది జాతుల మధ్య సంకరమేనా, ఎలా నిర్ధారించుకోవాలి అని అడిగారు.

వర్ణన వింటే నాకు మొదట తట్టింది డానాయిడ్ ఎగ్‌ఫ్లై అనే జాతి. అందులో మగది మీరు చెప్పినట్టే నలుపు తెలుపు. ఆడది మాత్రం అచ్చం ప్లెయిన్ టైగర్ అనే వేరే జాతి నారింజ రంగు సీతాకోకచిలుకలా ఉంటుంది. ప్లెయిన్ టైగర్ పక్షులకు రుచించదు కాబట్టి ఆ వేషం దీనికి రక్షణ. అంటే మీరు చూసింది ఒకే జాతి ఆలుమగలు కావచ్చు! ఇలాంటి ఫోటో ఎవరు పంపినా నేను జూమ్ చేసేది నారింజ దాని వెనక రెక్క. ప్లెయిన్ టైగర్‌కి రెక్క మధ్యలో మూడు నాలుగు నల్ల చుక్కలుంటాయి, ఎగ్‌ఫ్లైకి పై అంచు దగ్గర ఒక్కటే. కామన్ మార్మన్ అనే సీతాకోకచిలుకతోనూ ఇదే తంటా. దాని ఆడవాటిలో కొన్ని కామన్ రోజ్ అనే మరో జాతిని అనుకరిస్తాయి. అప్పుడు రెక్కలు వదిలేసి ఒళ్లు చూడండి: రోజ్‌ది ఎర్రగా ఉంటుంది, మార్మన్‌ది నల్లగా.

ఇక అసలు జతకట్టాయా అన్నది. మగవి కనబడ్డ ప్రతిదాని వెంటా పడతాయి, అది లెక్కలోకి రాదు. నిజంగా కలిస్తే పొట్టల చివర్లు అతుక్కుని, తలలు చెరో వైపు ఉంటాయి. కదిలిస్తే ఒకటి ఎగురుతుంది, రెండోది రెక్కలు ముడుచుకుని దానికి వేలాడుతుంది. మామూలుగా చాలాసేపు అలాగే ఉంటాయి కాబట్టి టెన్షన్ పడక్కర్లేదు. రెక్కల పైభాగం, అడుగుభాగం, పొట్టలు కలిసిన చోటు విడివిడిగా ఫోటో తీయండి. ఆ మూడోది లేకపోతే నేనైతే నమ్మను.

జాతుల మధ్య కలయిక అసాధ్యమేమీ కాదు. ఉత్తర అమెరికాలో లూసర్న్ అనే పశుగ్రాసం పొలాల్లో ఆరెంజ్ సల్ఫర్, క్లౌడెడ్ సల్ఫర్ అనే రెండు జాతుల సీతాకోకచిలుకల సంకరాలు బాగా తెలిసినవే. ఆరెంజ్ సల్ఫర్ మగదాని రెక్కలు అతినీలలోహిత కాంతిని మెరిపిస్తాయి, ఆడవి దాన్ని బట్టి తమ జాతి మగదాన్ని గుర్తుపడతాయి. కానీ అప్పుడే ప్యూపా నుంచి బయటికొచ్చిన ఆడది ఎదిరించలేదు, అక్కడే జాతులు కలిసిపోతాయి.

గుడ్లలోంచి పిల్లలొస్తే రుజువైపోయినట్టే అని కొందరంటారు. అదీ చాలదు. ఆడది అంతకుముందే తన జాతి మగదానితో కలిసి, ఆ వీర్యాన్ని దాచుకుని ఉండొచ్చు. పిల్లలు పెద్దవై రెక్కలొచ్చాక వాటిలో రెండు జాతుల లక్షణాలూ కలగలిసి కనిపించాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయించాలి.