రేంజర్‌కి జతగా తోడేలా, విషసర్పమా, డేగా?

డీ అండ్ డీ (డంజన్స్ అండ్ డ్రాగన్స్ అనే, పాచికలతో కథ నడిపే ఆట) ఐదో ఎడిషన్‌లో రేంజర్ (అడవుల్లో తిరిగే వేటగాడి పాత్ర) ఆడుతున్నానని, మూడో లెవెల్‌లో బీస్ట్ మాస్టర్ (ఒక జంతువుని తోడుగా పెట్టుకునే దారి) తీసుకుంటే తోడేలు, పెద్ద విషసర్పం, డేగల్లో ఏది మంచిదని అడిగారు. ఒక క్యాంపెయిన్ (వరసగా సాగే ఒకే కథ) మొత్తం తోడేలుతో ఆడినవాడిగా చెప్తున్నా, తోడేలునే తీసుకోండి.

ముందుగా ఏ పుస్తకం రూల్స్ వాడుతున్నారో మీ డీఎంని (ఆట నడిపే వ్యక్తిని) అడగండి. 2014 ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ అయితే జంతువు మీడియం సైజు దాటకూడదు, ఛాలెంజ్ రేటింగ్ (ఎంత ప్రమాదకరమో చెప్పే అంకె) 1/4 మించకూడదు. కాబట్టి ఎలుగుబంటి మీద ఆశ పెట్టుకోకండి. పైగా దాన్ని దాడికి పంపాలంటే మీ యాక్షన్ (మీ వంతులో చేసే ప్రధాన పని) పోతుంది. 2020లో వచ్చిన టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్ పుస్తకంలో ఈ బాధ లేదు. బోనస్ యాక్షన్‌తో (అదే వంతులో దొరికే చిన్న అదనపు పనితో) ఉసిగొల్పొచ్చు, చనిపోతే గంటలోపు ఒక స్పెల్ స్లాట్ (మంత్రం వేసే ఒక అవకాశం) ఖర్చుపెట్టి బతికించుకోవచ్చు. డీఎం ఒప్పుకుంటే రెండో ఆలోచన లేకుండా ఇదే తీసుకోండి, రూపం మాత్రం తోడేలుది ఇవ్వండి.

పాత రూల్సే అంటే, అంకెలు చూస్తే పామే మేలనిపిస్తుంది. కాటుకి 3డీ6 (మూడు ఆరుముఖాల పాచికలు వేసి కలిపినంత) విషం మరి. కానీ అస్థిపంజరాలకీ జాంబీలకీ విషం ఎక్కదు. మా కథలో సగం శత్రువులు అవే. డేగ పైనుంచి చూసి రావడానికి బాగుంటుంది గానీ, మీ విజార్డ్ దగ్గర ఫైండ్ ఫెమీలియర్ (చిన్న జంతువు రూపంలో తోడుని పిలిచే మంత్రం) ఉంటే ఆ పని గుడ్లగూబ చేసేస్తుంది.

తోడేలు కరిస్తే ఎదుటివాడు స్ట్రెంగ్త్ సేవ్‌లో (20 ముఖాల పాచికకి తన బలం కలిపే పరీక్షలో) 11 తెచ్చుకోవాలి, లేదంటే కింద పడతాడు. ఒకసారి వంతెన మీద ఓగర్ (భారీ రాక్షసజీవి) దారి కాచింది. తోడేలు కాలు పట్టింది, ఓగర్‌కి డైస్‌లో 3 పడింది. దాని బలానికి నాలుగు కలిపినా చాలలేదు. అది లేచేలోపు మా జట్టులోని పాలడిన్, రోగ్ ఇద్దరూ అడ్వాంటేజ్‌తో (రెండు పాచికలు వేసి పెద్దది తీసుకుని) కొట్టారు. టేబుల్ దగ్గర అందరం కేకలే!

అయినా నాకు ఆ తోడేలు దగ్గరైంది పోరాటాల వల్ల కాదు, దాని ముక్కు వల్ల. వాసన, చప్పుడు పసిగట్టడంలో దానికి అడ్వాంటేజ్ ఉంటుంది. ప్రతి తలుపు దగ్గరా "దీనికి ఏం వాసన వస్తోంది?" అని డీఎంని అడిగేవాణ్ణి. సత్రం కింద గదిలో వరసగా పీపాలున్నాయి. అది ఒక్క పీపా దగ్గరే ఆగి చెవులు వెనక్కి వాల్చిందని డీఎం చెప్పాడు. మూత తీస్తే లోపల మేం వెతుకుతున్న గుమస్తా దాక్కుని ఉన్నాడు! మేం అడుగుతున్నకొద్దీ డీఎం కూడా వాసనలు ముందే ఆలోచించి పెట్టుకోవడం మొదలుపెట్టాడు. పాత్రకి జంతువు ఇలాంటి పనికి రావాలని నా గట్టి నమ్మకం.

ఒక్క చిక్కు ఉంది. కింద పడ్డవాడి మీద దూరం నుంచి వేసే బాణానికి డిసడ్వాంటేజ్ (రెండు పాచికలు వేసి చిన్నది తీసుకోవాలి). మీరూ విల్లుతోనే ఆడుతూ, పార్టీలో దగ్గరికెళ్లి కొట్టేవాళ్లు ఎవరూ లేకపోతే మాత్రం డేగవైపే వెళ్లండి.