సర్వర్ కోసం రెండు రూపాయల వడ్డీకి అప్పా?

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేటలో ఖాతాలు, జీఎస్టీ పనులు చూసే ఆఫీసు నడుపుతున్నాను. నాతో కలిపి తొమ్మిది మందిమి, తొమ్మిది కంప్యూటర్లు. ఖాతాదారుల్లో ఎక్కువ మంది మిర్చి యార్డు కమీషన్ వ్యాపారులు. అందరి లెక్కలూ ఉన్న సర్వర్ కొని తొమ్మిదేళ్లయింది. విండోస్ సర్వర్ 2012 ఆర్2 మీద నడుస్తోంది. అందులోని రెండు డిస్కుల్లో ఒకటి గత నెల పోయింది, ఇప్పుడు రెండోదాని మీదే నెట్టుకొస్తున్నాం. పుస్తకాల్లో దాని విలువ రెండు వేలు కూడా లేదు. కొత్త సర్వర్ తెచ్చి ఉన్న నెట్‌వర్క్‌లో అమర్చడానికి రూ.3,20,000, జీఎస్టీతో కలిపి రూ.3,77,600 అని కొటేషన్ ఇచ్చారు. ఆఫీసు ఖర్చు నెలకు రూ.2,10,000. మిగులు ఏమీ లేదు. ఖాతాదారుల నుంచి రావలసిన ఫీజులు రూ.4,60,000 ఉన్నాయి. అమ్మాయి ఇంజినీరింగ్ చదువు కోసం 4 లక్షల ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంది, అది ఆగస్టులో కావాలి. నెలకు 25,000 చొప్పున ఐదు లక్షల చీటీ కడుతున్నాను, ఇప్పుడు పాడితే రూ.3,75,000 చేతికి వస్తాయి. మా ఖాతాదారు ఒకరు ప్రామిసరీ నోటు మీద రెండు రూపాయల వడ్డీకి సర్దుతానంటున్నారు. ఆయన నుంచి కూడా రూ.55,000 ఫీజు రావాలి. నోటు రాయమంటారా, చీటీ పాడమంటారా?

జవాబు: రెండూ వద్దు.

ముందు ఆ నోటు సంగతి. మీకు 55,000 ఇవ్వవలసిన వ్యక్తి అది ఇవ్వకుండా మీకే వడ్డీకి అప్పు ఇస్తానంటున్నారు. అందులో కొంత మీ సొంత డబ్బే కదా! నూటికి రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. 3,77,600 మీద నెలకు 7,552, ఏడాదికి 90,624. ఇంత కట్టినా అసలులో ఒక్క రూపాయి తగ్గదు. వడ్డీ కన్నా నన్ను ఎక్కువ కలవరపెడుతున్నది మరొకటి ఉంది. ఆయన లెక్కలు చూసేది మీరు. రేపు ఒక బిల్లు తేదీ మార్చమనో, కొంత సరుకు లెక్కలో చూపించవద్దనో ఆయన అడిగితే, నోటు మీద సంతకం పెట్టి ఉన్న మీరు కాదనగలరా? మీ వృత్తిలో కాదనగలగడమే పెట్టుబడి. ఖాతాదారు దగ్గర అప్పు ఎంత తక్కువ వడ్డీకి వచ్చినా, అసలు వడ్డీయే లేకపోయినా తీసుకోకండి.

చీటీ పాడితే ఐదు లక్షల్లో 1,25,000 పాటలోనే పోతుంది. అందులో మీ వంతుగా తిరిగి వచ్చేది స్వల్పం. మిగిలిన వాయిదాలు మాత్రం ఆఖరి నెల దాకా కట్టాలి.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం 'పుస్తకాల్లో దాని విలువ రెండు వేలు కూడా లేదు' అన్నది. కంప్యూటర్లకు ఏటా 40 శాతం తరుగుదల రాస్తాం. లక్షా ఎనభై వేలకు కొన్న యంత్రం మొదటి ఏడాది చివర 1,08,000, మరుసటి ఏడాది 64,800, ఆపైన 38,880 అవుతుంది. ఈ అంకెలన్నీ మీ చేత్తో మీరే వేశారు. ప్రతి మార్చిలోనూ ఈ యంత్రం ఇంత అరిగిపోయిందని రాసి, ఆ మేరకు లాభం తగ్గించి చూపి, పన్ను కూడా తగ్గించుకున్నారు. అయితే తరుగుదలగా రాసిన డబ్బు ఆ ఏడాది ఎవరికీ చెల్లించలేదు, మీ దగ్గరే ఉంది. దాన్ని పక్కన పెట్టలేదు కాబట్టి ఇంటి ఖర్చుల్లో కలిసిపోయింది. విజయవాడ, గుంటూరుల్లో నా దగ్గరకు వచ్చే చిన్న ఆఫీసులు, ల్యాబులు, ప్రింటింగ్ ప్రెస్సులు, కోచింగ్ సెంటర్లు చాలావరకు ఈ తప్పే చేస్తున్నాయి. పుస్తకంలో తరుగుదల ఉంటుంది, బ్యాంకులో ఉండదు. యంత్రం మొరాయించిన రోజున దాన్ని 'అనుకోని ఖర్చు' అంటారు. ఊరందరి తరుగుదల లెక్కలూ వేసే మీరు కూడా అలాగే అంటుంటే బాధగా ఉంది.

ఇందులో అనుకోనిది ఏమీ లేదు. 2012 ఆర్2కు మైక్రోసాఫ్ట్ పొడిగించిన మద్దతు కూడా 2023 అక్టోబరు 10తోనే ముగిసింది. మార్చుకోవాలన్న కబురు అప్పుడే అందింది. ఖాతాదారుల పాన్ నంబర్లు, బ్యాంకు వివరాలు ఉన్న యంత్రం ఆనాటి నుంచి భద్రతా సవరణలు అందకుండానే నడుస్తోంది. కొన్ననాటి నుంచి నెలకు 3,500 పక్కన వేసి ఉంటే తొమ్మిదేళ్లకు అసలే 3,78,000 అయ్యేది. మీ కొటేషన్ 3,77,600. వడ్డీ కలపకుండానే సరిపోయేది. ఆఫీసు ఖర్చు నెలకు 2,10,000 ఉన్నచోట 3,500 దొరకదంటే నేను ఒప్పుకోను.

కాబట్టి మీకు లేనిది సర్వర్ డబ్బు ఒక్కటే కాదు, ఆఫీసుకంటూ ఒక అత్యవసర నిధి లేదు. ఇంటికి కూడా విడిగా ఏమీ ఉన్నట్టు మీరు రాయలేదు. అందుకే చూపు మొదట అమ్మాయి డిపాజిట్ వైపు వెళ్లింది. ఆఫీసుకు కనీసం మూడు నెలల ఖర్చు, అంటే 6,30,000, విడి ఖాతాలో ఉండాలి. ఇది ఎనిమిది మంది జీతాలు, అద్దె ఆగకుండా ఉండడానికి. యంత్రాల మార్పిడి డబ్బు ఇందులో కలపకండి, దానికి వేరే డిపాజిట్ ఉండాలి. మీ విషయంలో ఇది మరీ అవసరం. జీతాలు నెలనెలా ఇస్తారు, ఫీజులు మాత్రం సీజన్‌ను బట్టి వస్తాయి. ఒక ఏడాది మిర్చి ధర పడిపోతే వ్యాపారులు మొదట ఆపేది లెక్కలు రాసేవారి ఫీజునే.

ఇప్పటికి డబ్బు ఎక్కడిది అంటారా? రావలసిన 4,60,000 ఉండగా అప్పు గురించి ఆలోచించడమేమిటి? యార్డులో ఇప్పుడు సీజన్ నడుస్తోంది, వ్యాపారుల చేతుల్లో డబ్బు తిరుగుతోంది. వేసవి సెలవులకు యార్డు మూతపడితే అడిగినా దొరకరు. ఈ వారమే బాకీల జాబితా తీయండి. ఫోన్లతో సరిపెట్టకుండా మీరే వెళ్లి అడగండి, మొదట ఆ 55,000 వ్యక్తి దగ్గరికే. కొత్త ఏడాది పని మొదలుపెట్టాలంటే పాత ఫీజులో కనీసం సగం ముందు కట్టాలని చెప్పండి. మొహమాటానికి ఇన్నాళ్లూ మీరే వడ్డీ లేని అప్పు ఇస్తూ వచ్చారు. మూడు వారాల్లో రెండు, రెండున్నర లక్షలు వసూలు కావడం కష్టం కాదు.

తగ్గిన మేరకు డిపాజిట్ మీద ఓవర్‌డ్రాఫ్ట్ తీసుకోండి. డిపాజిట్ రద్దు చేయకండి. డిపాజిట్ వడ్డీ మీద ఒకటి, రెండు శాతం అదనంగా పడుతుంది, అదీ వాడుకున్న మొత్తానికి, వాడుకున్న రోజులకే. 8 శాతం అనుకున్నా 1,50,000కు మూడు నెలల వడ్డీ 3,000. అదే మొత్తానికి నోటు మీద అయితే 9,000. ఒక్క షరతు: మిగిలిన బాకీల వసూళ్లన్నీ నేరుగా ఆ ఓవర్‌డ్రాఫ్ట్ ఖాతాలోకే వెళ్లాలి, జులై ఆఖరుకు అది సున్నా కావాలి. ఆగస్టులో అమ్మాయి ఫీజు కట్టే రోజున డిపాజిట్ మీద ఒక్క రూపాయి భారం ఉండకూడదు. ఇది పాటించగలనన్న నమ్మకం లేకపోతే ఓవర్‌డ్రాఫ్ట్ కూడా వద్దు, కొనుగోలే చిన్నది చేసుకోండి.

బిల్లులోని జీఎస్టీ 57,600 మీ ఫీజుల మీద కట్టవలసిన పన్నులో సర్దుబాటు అవుతుంది. ఆ భాగం మీద తరుగుదల మాత్రం రాయకూడదు. ఏప్రిల్‌లో కొని వాడకంలో పెడితే ఈ ఏడాదే పూర్తి 40 శాతం రాసుకోవచ్చు. ఈ రెండూ మీకు నేను చెప్పాలా? మీ ఖాతాదారుకు చూసినంత శ్రద్ధగా మీ పుస్తకం కూడా చూసుకోమనే చెబుతున్నాను.

బంగారం తాకట్టు, క్రెడిట్ కార్డు వాయిదాలు, ఫోన్‌లో నిమిషాల్లో వచ్చే రుణాలు మీకు అవసరం లేదు. క్లౌడ్ అద్దె నెలనెలా పెరిగే మరో ఖర్చు, మిగులే లేని ఆఫీసు ఇప్పుడు దాని జోలికి వెళ్లకపోవడం మంచిది. వాడిన సర్వర్ కొంటే ఇదే ఉత్తరం రెండేళ్లలో మళ్లీ రాస్తారు.

కొటేషన్ మీద కొన్ని మాటలు చెప్పాలి. తొందరలో ఉన్నవాడికి బేరం కుదరదు, నిధి లేకపోతే జరిగే మొదటి నష్టం అదే. మీరు పంపిన కాగితంలో పెట్టె ధర, 'విండోస్ సర్వర్ 2025', 'అమరిక' అని మూడే వరుసలున్నాయి. సర్వర్‌ను వాడుకునే తొమ్మిది మందికి విడి లైసెన్సులు అందులో ఉన్నాయా అని అడగండి. 25 మంది లోపు వాడే ఆఫీసుకు ఎసెన్షియల్స్ రకం సరిపోతుందేమో, దానికి ఈ విడి లైసెన్సులు అవసరం లేదు కదా అని కూడా అడగండి. ఇంకొకటి ముఖ్యం. మీ కంప్యూటర్లన్నీ పాత సర్వర్‌లోని డొమైన్‌కు (అందరి లాగిన్లనూ ఒకేచోట చూసే ఏర్పాటుకు) లాగిన్ అవుతుంటే, 2012 ఆర్2 స్థాయిలో ఉన్న ఆ డొమైన్‌లో 2025ను నేరుగా అదనపు డొమైన్ కంట్రోలర్‌గా, అంటే ఆ లాగిన్లను నడిపే సర్వర్‌గా, చేర్చడం కుదరదు. డొమైన్ కనీసం 2016 స్థాయికి రావాలి, అందుకు ముందు నడిమి వెర్షన్ సర్వర్ ఒకటి మెట్టుగా కావాలి. లేదంటే విండోస్ సర్వర్ 2022తో సరిపెట్టుకోవాలి. ఇది పని సగంలో ఉండగా బయటపడితే అదనపు కూలీ మీ నెత్తిన పడుతుంది. బ్యాకప్ డిస్కులు, యూపీఎస్ బ్యాటరీ కూడా ఆ కాగితంలో లేవు. అన్నీ కలిపి లెక్క వేయించండి, నాలుగు లక్షలు దాటవచ్చు. దాటితే తొమ్మిది కంప్యూటర్లకు అంత పెద్ద ప్రాసెసర్, అంత మెమరీ ఎందుకని నిలదీయండి.

మీ దగ్గర ఇప్పుడున్న విలువైన ఆస్తి పాత సర్వర్ ఇంకా పనిచేస్తుండడం. అది నడుస్తుండగానే కొత్తదాన్ని పక్కన చేర్చి, బాధ్యతలు ఒక్కొక్కటిగా అప్పగించి, అంతా సరిగ్గా ఉందని తేలాక పాతదాన్ని తప్పిస్తే పని తేలిక, ఖర్చు తక్కువ. అది ఆగిపోయాక చేస్తే అదే పనికి ఎన్నో గంటలు ఎక్కువ పడుతుంది, ఆ రెండో డిస్కు కూడా పోతే సమాచారం వెలికితీతకు వేరే బిల్లు వస్తుంది. ఈ జవాబు చదివిన రోజే ఒక బయటి డిస్కు కొని మొత్తం లెక్కలు అందులోకి ఎక్కించండి. ఆ డిస్కులోంచి ఒక ఖాతాదారు ఫైలు వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. తెరుచుకోకపోతే అది బ్యాకప్ కాదు. లెక్కలు రాసే టాలీ సాఫ్ట్‌వేర్ లైసెన్సును పాత యంత్రంలో వదులుకుని కొత్తదానిలో తిరిగి తీసుకోవాలి. అది పాతది బతికుండగానే చేయించండి.

నెలనెలా అమ్మకాల వివరాలిచ్చే రిటర్ను జీఎస్టీఆర్-1 గడువు 11వ తేదీ, పన్ను కట్టే రిటర్ను 3బీ గడువు 20. మార్పు పని 21న మొదలుపెట్టి మరుసటి 11లోపు ముగించండి. ఒక 20 గడిచేదాకా పాతదాన్ని పూర్తిగా తీసేయకండి. అమ్మకందారుకు సగం కన్నా ఎక్కువ బయానా ఇవ్వకండి, మిగిలింది తొమ్మిది కంప్యూటర్లూ, ప్రింటర్లూ కొత్త సర్వర్ మీద పనిచేశాకే ఇస్తామని కాగితం మీద రాయించుకోండి. పాత డిస్కును పాత సామాను దుకాణానికి వేయకండి, జీఎస్టీ లెక్కలు వార్షిక రిటర్ను గడువు నుంచి 72 నెలలు భద్రపరచాలి.

బీమా మాట. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్లు విజయవాడ సింగ్‌నగర్ మీదికి వచ్చినప్పుడు కింది అంతస్తుల్లో ఉన్నవన్నీ మునిగాయి. మీ ఆఫీసు ఆస్తులన్నీ కలిపినా ఐదు కోట్ల లోపే కాబట్టి 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' సరిపోతుంది, వరద అందులో వస్తుంది. సర్వర్‌కు అదనంగా ఎలక్ట్రానిక్ పరికరాల బీమా తీసుకోండి. బీమా మొత్తం కొత్తది కొనే ధరకు ఉండాలి. పుస్తక విలువ రాశారో, క్లెయిమ్ ఆ మేరకే కోసేస్తారు. సమాచారాన్ని తిరిగి ఎక్కించే ఖర్చుకు విడిగా రక్షణ అడగండి. అయితే వయసు మీరి అరిగిపోయిన డిస్కుకు ఏ పాలసీ డబ్బివ్వదు. మీకు ఇప్పుడు వచ్చిన కష్టం సరిగ్గా అదే, దానికి నిధి తప్ప మందు లేదు.

ఆ నిధికి పునాది మీరు పాడేయబోయిన చీటీయే. అది చిట్ ఫండ్స్ చట్టం కింద నమోదైనదేనా అని మొదట చూసుకోండి. నమోదైనదైతే ఆఖరి దాకా పాడకుండా ఉంచండి, కమీషన్ పోను వచ్చే మొత్తం అత్యవసర ఖాతాలోకి వెళ్లాలి. ఆ ఖాతా ఇప్పుడే ఆఫీసు పేరున తెరవండి, దానికి డెబిట్ కార్డు తీసుకోకండి. చీటీ ముగిశాక ఆ నెలవారీ 25,000 ఆపకుండా 6,30,000 నిండేదాకా అందులోకే పంపండి. కొత్త సర్వర్ బిల్లు పుస్తకంలో నమోదు చేసిన నెల నుంచే 6,700 చొప్పున ఐదేళ్ల రికరింగ్ డిపాజిట్ మొదలుపెట్టండి. ముగిసేసరికి అసలే 4,02,000 ఉంటుంది.