నంబర్ సిరీస్: ఇంట్లో వచ్చిన లెక్క పరీక్షలో ఎందుకు తప్పుతోంది?

ప్రశ్న: మాది భీమవరం దగ్గర పల్లెటూరు. నాన్నగారు చెరువు కౌలుకు తీసుకుని రొయ్యలు సాగు చేస్తున్నారు. బీఎస్సీ పూర్తిచేసి బ్యాంకు ఉద్యోగాల ఐబీపీఎస్ క్లర్క్, రైల్వే ఎన్‌టీపీసీ పరీక్షలకు చదువుతున్నాను. వరుసలో తరువాతి సంఖ్య కనుక్కోమనే నంబర్ సిరీస్ లెక్కలు తీరిగ్గా కూర్చుంటే వస్తున్నాయి, మాక్ టెస్టుల్లో తప్పుతున్నాయి. సిరీస్ రకాలన్నీ నోట్సు రాసుకుని బట్టీపట్టినా లాభం లేకపోయింది. హైదరాబాద్ వెళ్లి కోచింగ్ తీసుకోమంటారా?

జవాబు: తీరిగ్గా చేస్తే వస్తున్నాయంటే మీకు విషయం తెలుసు గాని, దేని తరువాత ఏది చూడాలన్న వరుస కుదరలేదని అర్థమవుతోంది. క్లర్క్ ప్రిలిమ్స్‌లో, అంటే మొదటి దశ పరీక్షలో, లెక్కల విభాగమైన న్యూమరికల్ ఎబిలిటీకి 35 ప్రశ్నలు, 20 నిమిషాలు. అంటే ప్రశ్నకు సుమారు 34 సెకన్లు. ఆ వ్యవధిలో బట్టీపట్టిన రకాలను మనసులో ఒక్కొక్కటే తిరగేస్తూ పోలికలు వెతకడం ఎవరికీ సాధ్యం కాదు. అందువల్ల ఆ నోట్సు పక్కన పెట్టమనే నా సలహా.

ముందుగా సంఖ్యలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో చూడండి. నెమ్మదిగా పెరిగితే తేడాలు తీయాలి. రెండింతలు, మూడింతలుగా ఎగబాకితే గుణకారం ఉందనుకోవాలి. ఒకటి పెరిగి మరొకటి తగ్గుతూ ఉంటే రెండు సిరీస్‌లను కలిపి అల్లారేమో చూడాలి. 7, 12, 22, 42, 82 అన్నదాంట్లో తేడాలు 5, 10, 20, 40 కాబట్టి తరువాతిది 162 అని ఒకరు చెబుతారు. ప్రతి సంఖ్యనూ రెట్టింపు చేసి 2 తీసేస్తున్నారని మరొకరు అదే 162కు వస్తారు. ఏ దారైనా మార్కు ఒక్కటే కనుక, ఒక దారిలో జవాబు వచ్చాక రెండో దారి కోసం ఆగకండి.

మీవంటి వారు ఎక్కువగా చిక్కుకునే చోటు 4, 6, 12, 30, 90 లాంటిది. తేడాలు తీస్తే 2, 6, 18 వరకు మూడింతలు అవుతున్నట్టే ఉంటుంది, నాలుగోది 54 రావలసింది 60 వస్తుంది. తీసివేత తప్పామేమోనని మళ్లీ మళ్లీ సరిచూసుకోవడంలోనే నిమిషం గడిచిపోతుంది. ఇక్కడ తేడాలను వదిలి, కుడి చివర నుంచి భాగించుకుంటూ రండి: 90లో 30 మూడు సార్లు, 30లో 12 రెండున్నర సార్లు, 12లో 6 రెండు సార్లు, 6లో 4 ఒకటిన్నర సార్లు. తరువాత మూడున్నరతో హెచ్చిస్తే 315. పెద్ద సంఖ్యల వైపు నుంచి రమ్మనడానికి కారణం ఉంది. గుణించి ఏదో కొంత కలిపే సిరీస్‌లో ఆ కలిపినది చిన్న సంఖ్యల దగ్గర గుణకాన్ని కప్పేస్తుంది, పెద్ద సంఖ్యల దగ్గర కప్పలేదు. 3, 4, 10, 33, 136లో 3 నుంచి 4కు వెళ్లడంలో ఏమీ తెలియదు గాని, 136లో 33 నాలుగు సార్లు పోగా 4 మిగిలిందనగానే నాలుగుతో గుణించి 4 కలిపారని కనిపిస్తుంది, ఈసారి ఐదుతో గుణించి 5 కలిపితే తరువాతిది 685.

తప్పు సంఖ్యను పట్టుకోమనే ప్రశ్నకూ ఇదే పనికొస్తుంది. అదే సిరీస్‌లో 33కు బదులు 32 ఉంటే, దానికి ముందు లంకె, తరువాతి లంకె రెండూ తెగుతాయి; వరుసగా రెండు లంకెలు తెగిన చోట మధ్యనున్నదే తప్పు సంఖ్య.

మీ ఇంటి లెక్కలో మరొక రకం ఉంది. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అంత కౌంటు అన్నది మీకు చెప్పనక్కరలేదు. 120 కౌంటు రొయ్య బరువు రెండింతలైతే 60, మూడింతలైతే 40, నాలుగింతలైతే 30, ఐదింతలైతే 24 కౌంటు. 120, 60, 40, 30, 24 అని పరీక్షలో ఇస్తే తేడాలు 60, 20, 10, 6 అని వచ్చి దిక్కుతోచదు గాని, రొయ్యలు పట్టి అమ్మే పట్టుబడి రోజు కాటా దగ్గర నిలబడినవారికి 120ని ఆరుతో భాగించి 20 అనడం ఎంతసేపు?

సాధన విషయంలో నేను కాస్త పాతకాలపువాణ్ని. 20 వరకు ఎక్కాలు, 30 వరకు వర్గాలు, 15 వరకు ఘనాలు నోటికి రాకుండా సిరీస్ చేయడం దండగ. 217 కనబడగానే 216 ఆరు ఘనమని తట్టాలి. అవి వచ్చాక రోజూ చెరువుకు మేత వేసి వచ్చాక, ఫోన్‌లో టైమర్ పెట్టుకుని పది సిరీస్‌లు చేయండి. 40 సెకన్లు దాటితే జవాబు వచ్చేలా ఉన్నా వదిలేయడం కూడా ఆ సాధనలో భాగమే. ఊహించి పెట్టే జవాబు తప్పయితే క్లర్క్ పరీక్షలో పావు మార్కు, ఎన్‌టీపీసీలో మూడోవంతు మార్కు పోతుంది. అయితే ఆప్షన్లు చూడకుండా ముగించకండి: 1, 2, 4, 8, 16 తరువాత 32 అనిపిస్తుంది గాని, వృత్తం మీద బిందువులను ఒక్కొక్కటే పెంచుతూ అన్నిటినీ గీతలతో కలిపితే గరిష్ఠంగా ఏర్పడే భాగాలు 1, 2, 4, 8, 16, 31గా వస్తాయి. మనకు తోచిన సంఖ్య ఆప్షన్లలో లేకపోతే నియమం వేరన్నమాట.

హైదరాబాద్ హాస్టల్ ఖర్చు ఈ ఒక్క అధ్యాయం కోసం పెట్టవద్దు. రెండు నెలలు ఇలా చేసి, పది మాక్ టెస్టుల జవాబు పత్రాలు ముందు పెట్టుకుని, పోయిన మార్కులు సిరీస్‌లోనా, డేటా ఇంటర్‌ప్రిటేషన్‌లోనా, ఇంగ్లీషులోనా అన్నది నాన్నగారితో కూర్చుని తేల్చుకోండి. అప్పటికీ ఏదైనా ఒక భాగం వెనకబడి ఉంటే, దానికి మాత్రం ఇంటినుంచి వెళ్లి రాగలిగేలా భీమవరంలోనే చేరవచ్చు.